ఫ్రేమ్ బ్యాగ్ ఎంచుకోవడం ఎలా? సీమ కొండల్లో రోజుల తరబడి నడిచేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

సంక్రాంతి పోయిందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. శివరాత్రికి వెంకటాపురం మీదుగా శ్రీశైలం నడిచేవాళ్లు, వేసవిలో హిమాలయాలకు వెళ్లాలనుకునే కర్నూలు, అనంతపురం కుర్రాళ్లు, అమెరికా నుంచి మా కడప బంధువులు అందరూ అడిగేది బ్యాగ్ గురించే. ప్రతిసారీ అవే సందేహాలు. అందుకే ఒకచోట రాసిపెడుతున్నాను. ఏ ప్రశ్న కావాలంటే అది నేరుగా చదువుకోవచ్చు.

## కొనే ముందు

ఫ్రేమ్ బ్యాగ్ అంటే ఏంటి? కాలేజీ బ్యాగ్‌కీ దీనికీ తేడా ఏముంది?

కాలేజీ బ్యాగ్‌లో బరువంతా భుజాల మీద వేలాడుతుంది. ఫ్రేమ్ బ్యాగ్‌లో వీపు వెంబడి గట్టి చట్రం ఉంటుంది. అల్యూమినియం కడ్డీలో, పైపులో, ఖరీదైన వాటిలో కార్బన్ ఫైబరో వాడతారు. పైనున్న బరువును కింద నడుము పట్టీకి చేర్చడమే ఆ చట్రం పని. నడుము పట్టీ తుంటి ఎముకల మీద కూర్చుంటుంది కాబట్టి బరువులో ఎక్కువ భాగం కాళ్లకు దిగిపోతుంది. భుజం పట్టీలు బ్యాగ్ వెనక్కి వాలకుండా పట్టుకుంటే చాలు.

మా అవ్వ బావి నుంచి నీళ్లు తెచ్చేటప్పుడు ఇత్తడి బిందెను చంకన పెట్టుకునేది. చంకన అంటామే గానీ, బిందె అడుగు ఆనేది తుంటి ఎముక మీదే. చెయ్యి ఊరికే బిందె మెడను పట్టుకుని ఉండేది. ఆ చెయ్యి చేసే పనే భుజం పట్టీలది, ఆ తుంటి చేసే పనే నడుము పట్టీది. ఈ ఒక్క సంగతి గుర్తుంటే బ్యాగుల షాపులో మిమ్మల్ని ఎవరూ మోసం చేయలేరు.

అన్నా, అమెరికా వీడియోల్లో వేటగాళ్ల ఫ్రేమ్ బ్యాగులు చూశా. మనక్కూడా అవే కొనాలా?

ముందు ఒక మాట. మన దేశంలో వేట నేరం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అడవిపంది అయినా, కుందేలు అయినా, కణుజు అయినా కేసే. నల్లమల, లంకమల, శేషాచలం అడవుల్లో చాలా భాగం పులుల అభయారణ్యాలో, వన్యప్రాణి అభయారణ్యాలో, జాతీయ పార్కులో. అనుమతి లేకుండా లోపలికి అడుగు పెట్టడమే తప్పు. కాబట్టి ఇక్కడ ఆ బ్యాగ్‌ను వేట కోసం అడిగేవాళ్లకు నా దగ్గర జవాబు లేదు.

బ్యాగ్ పనితనం మాత్రం తెలుసుకోదగ్గదే. వేటకు అనుమతి ఉన్న దేశాల్లో వేటగాడు అయిదారు రోజుల సామానుతో కొండెక్కుతాడు, తిరిగి వచ్చేటప్పుడు అదే బ్యాగ్ మీద నలభై కిలోలకు పైగా మాంసం మోస్తాడు. అందుకే ఆ ఫ్రేములు మామూలు ట్రెకింగ్ ఫ్రేముల కంటే గట్టిగా ఉంటాయి. సంచిని ఫ్రేమ్ నుంచి కాస్త విడదీసి, మధ్యలో బరువు పెట్టి మళ్లీ బిగించే వీలుంటుంది. దాన్ని లోడ్ షెల్ఫ్ అంటారు.

మన నడకలో బరువు కథ తలకిందులు. వెళ్లేటప్పుడే నీళ్లతో బరువెక్కి వెళతాం, వచ్చేటప్పుడు తేలికవుతాం. రెండు మూడు రోజుల నడకకు మంచి ట్రెకింగ్ ఫ్రేమ్ సరిపోతుంది. వైద్య శిబిరం సామాను, కెమెరా పెట్టెలు, పదీ పదిహేను లీటర్ల నీటి క్యాన్లు మోసేవాళ్లకైతే లోడ్ షెల్ఫ్ ఉన్న ఫ్రేమ్ నిజంగా పనికొస్తుంది.

బయట ఫ్రేమ్ మంచిదా, లోపల ఫ్రేమ్ మంచిదా?

బయట ఫ్రేమ్ అంటే పైపుల చట్రం కళ్లకు కనబడుతుంది, సంచి దానికి వేలాడుతుంది. అమెరికాలో డిక్ కెల్టీ అనే ఆయన 1952లో అల్యూమినియం చట్రంతో ఇలాంటివి చేసి అమ్మడం మొదలుపెట్టాక ఇవి బాగా వ్యాపించాయి. వీపుకీ సంచికీ మధ్య గాలి ఆడుతుంది, క్యాన్లూ పెట్టెలూ కట్టుకోవడం తేలిక. కానీ ఇరుకు దారుల్లో కొమ్మలకు తగులుకుంటుంది, బండలెక్కేటప్పుడు బరువు అటూ ఇటూ ఊగుతుంది.

లోపల ఫ్రేమ్‌లో కడ్డీలు సంచి లోపల దాగి ఉంటాయి, బ్యాగ్ ఒంటికి అతుక్కుని నడుస్తుంది. అహోబిలంలో జ్వాలా నరసింహ స్వామి గుడికి వెళ్లే రాళ్ల దారిలాంటి చోట, ఉగ్రస్తంభం ఎక్కేచోట నేను లోపల ఫ్రేమే కావాలంటాను. వీపు తడిసి ముద్దవుతుంది, నిజమే. కాలు జారడం కంటే చెమట నయం. ఇప్పుడు వీపు దగ్గర జాలీ బిగించి గాలి ఆడేలా చేసిన లోపల ఫ్రేములూ వస్తున్నాయి. పన్నెండు కిలోల దాకా అవి హాయిగా ఉంటాయి. అంతకు మించితే బరువు వీపుకు దూరమై వెనక్కి లాగుతుంది.

నేను శివరాత్రికి ఒక్కసారే నడుస్తా. దానికీ ఫ్రేమ్ బ్యాగ్ కొనాలా?

వద్దు. శివరాత్రి రోజుల్లో నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను దారి పొడవునా నీళ్లు, అన్నదానం ఉంటాయి. ఒక దుప్పటి, ఒక జత బట్టలు, రెండు లీటర్ల నీళ్లు, టార్చ్, కాస్త సద్ది. అంతా కలిపి ఆరు కిలోలు దాటదు. నడుము పట్టీ ఉన్న ముప్పై లీటర్ల బ్యాగ్ చాలు. మిగిలిన డబ్బులు చెప్పుల మీద పెట్టండి. దీక్షలో చెప్పుల్లేకుండా నడిచేవాళ్లయితే బరువు ఇంకా తగ్గించాలి, అరికాలికి కాస్త తేడా కూడా తెలుస్తుంది.

ఎన్ని లీటర్ల బ్యాగ్ తీసుకోవాలి?

రెండు మూడు రోజులకు 50 నుంచి 60 లీటర్లు. సొంత టెంటు, వంట సామానుతో వారం రోజులకు 65 నుంచి 75. ఎనభై లీటర్ల బ్యాగ్ కొంటే ఎనభై లీటర్లూ నింపుతాం, ఖాళీ చూస్తే చెయ్యి ఊరుకోదు. మొదటిసారి హిమాలయాల్లో కేదార్‌కంఠ శిఖరానికి వెళ్లినప్పుడు నేను 75 లీటర్ల బ్యాగ్‌లో మూడు స్వెట్టర్లు పెట్టుకెళ్లాను. రెండు బయటికే తీయలేదు.

ముందు సామాను కొనండి, తర్వాత బ్యాగ్. ఇంట్లో ఉన్న సామానంతా ఒక గోనెసంచిలో వేసి చూస్తే ఎంత చోటు కావాలో తెలుస్తుంది.

బ్యాగ్ ఖాళీగానే రెండున్నర కిలోలుంది. తేలికది తీసుకోకూడదా?

మోసేది పది కిలోల లోపయితే తప్పకుండా తేలికదే తీసుకోండి. పదిహేను దాటితే మాత్రం ఫ్రేమ్, నడుము పట్టీ మెత్త ఉన్న బ్యాగ్‌కే ఓటు. అర కిలో కోసం సన్న పట్టీ బ్యాగ్ తీసుకుంటే ఆ పట్టీ రెండో రోజుకు తాడులా కోస్తుంది. తేలిక చేయాల్సింది బ్యాగ్‌లో సామానును.

నా బరువు 60 కిలోలు. ఎంత మోయొచ్చు?

రోజుల తరబడి నడిచేవాళ్లకు ఒంటి బరువులో అయిదో వంతు అనేది మంచి లెక్క. అంటే మీకు పన్నెండు కిలోలు, బ్యాగ్ బరువుతో సహా. అలవాటున్నవాళ్లు నాలుగో వంతు దాకా వెళ్లొచ్చు. మోకాలి నొప్పులు, నడుం నొప్పి ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడిగాకే ఈ లెక్క వేసుకోవాలి.

మా తమ్ముడు కొలరాడోలో ఉంటాడు. లైసెన్స్ తీసుకుని ఎల్క్ వేటకు వెళుతున్నాడు. అతనికి ఎలాంటి బ్యాగ్ చెప్పాలి?

ఎల్క్ మన కణుజు కంటే పెద్ద జింక. మగది 300 కిలోలు దాటుతుంది. ఎముక తీసేసిన మాంసమే 80 నుంచి 100 కిలోల దాకా తూగుతుంది. ఒక్కడే మోస్తే మూడు నాలుగు విడతలు కొండ దిగి ఎక్కాలి. కాబట్టి అతనికి చెప్పాల్సిన మొదటి మాట బ్యాగ్ గురించి కాదు. తోడు ఇద్దరు లేకుండా బండి నుంచి అయిదారు కిలోమీటర్ల లోపలికి వెళ్లొద్దనండి.

బ్యాగ్ విషయానికొస్తే, నలభై అయిదు కిలోల దాకా వంగని ఫ్రేమ్, ఫ్రేమ్‌కీ సంచికీ మధ్య లోడ్ షెల్ఫ్, పక్కల కనీసం మూడేసి బిగింపు పట్టీలు ఉండాలి. సంచి 70 లీటర్ల పైన ఉన్నా, ఖాళీగా ఉన్నప్పుడు చిన్నగా నొక్కి కట్టేసుకునేలా ఉండాలి. పగలంతా తిరిగేది ఖాళీ బ్యాగ్‌తోనే కదా.

ఇంకొకటి. కొలరాడోలో రైఫిల్ సీజన్‌లో ఒంటిమీద 500 చదరపు అంగుళాల మెరిసే ఆరెంజ్ రంగో పింక్ రంగో కనబడాలి, తల మీద కూడా ఉండాలి. పెద్ద బ్యాగ్ వేసుకుంటే వీపు వైపు జాకెట్ రంగు కప్పబడిపోతుంది. బ్యాగ్ మీద కూడా అదే రంగు గుడ్డ కట్టుకోమనండి. మరో వేటగాడి కంటికి కనబడటం ప్రాణానికి సంబంధించిన విషయం.

## కొలతలు, షాపులో పరీక్ష

నేను ఆరడుగులు. అంటే లార్జ్ సైజే కదా?

కాకపోవచ్చు. ఫ్రేమ్ బ్యాగ్ సైజు మనిషి ఎత్తును బట్టి కాదు, వీపు పొడవును బట్టి. మా అన్నదమ్ములిద్దరిలో నేను నాలుగు అంగుళాలు పొడుగు. కొలిస్తే వాడి వీపే పొడుగు, నాకున్నది కాళ్ల పొడవు. ఇద్దరం సైజులు మార్చుకున్నాకే ఇద్దరికీ మెడనొప్పి తగ్గింది.

కొలవడానికి దర్జీ టేపు, తోడుగా ఒక మనిషి చాలు. తల ముందుకు వంచితే మెడ కింద ఒక ఎముక బుడిపెలా పొడుచుకొస్తుంది, అది పై గుర్తు. తర్వాత రెండు చేతులూ నడుము మీద పెట్టుకోండి, బొటనవేళ్లు వెనక్కి ఉండాలి. చేతులు తుంటి ఎముక పైఅంచు మీద ఆనాలి. రెండు బొటనవేళ్లనూ కలుపుతూ గీత గీస్తే అది వెన్నును తాకేచోటు కింది గుర్తు. వెన్ను వంపు వెంబడే టేపు పెట్టి కొలవండి. 46 సెంటీమీటర్లు వస్తే మీ సైజు 46. పెద్దవాళ్లకు సాధారణంగా 40 నుంచి 55 లోపు వస్తుంది. ఒక్కో కంపెనీ స్మాల్, మీడియం అనే మాటకు ఒక్కో కొలత పెట్టుకుంటుంది, కాబట్టి అక్షరం చూడకుండా సెంటీమీటర్లు చూసుకోండి.

నడుము పట్టీ ఎక్కడ కట్టుకోవాలి? బొడ్డు మీదా?

బొడ్డుకు కాస్త కింద. తుంటి ఎముక పైఅంచు పట్టీ వెడల్పులో సగానికి రావాలి. ప్యాంటు బెల్టులా కిందికి కడితే తొడలు ఎత్తేటప్పుడు తగులుతుంది, పొట్ట మీద కడితే ఊపిరాడదు. పట్టీ బిగించాక రెండు వైపుల మెత్తల మధ్య ముందు నాలుగు వేళ్ల ఖాళీ ఉండాలి. ఖాళీ లేకుండా మెత్తలు ఆనుకున్నాయంటే ఆ పట్టీ మీకు పెద్దది. నాలుగు రోజుల నడకలో నడుము కొంత తగ్గుతుంది, అప్పుడు బిగించడానికి చోటుండదు.

షాపులో వేసుకుంటే అన్నీ బాగానే ఉన్నట్టుంటాయి. ఎలా తెలుసుకోవాలి?

ఖాళీ బ్యాగ్ ఎవరికైనా బాగుంటుంది. బరువు వేయమని అడగండి. పెద్ద షాపుల్లో ఇసుక సంచులు పెడతారు. లేకపోతే మొహమాటం లేకుండా మీరే ఏదో ఒకటి తీసుకెళ్లండి. నేను పది కిలోల కర్నూలు సోనా బియ్యం సంచి, రెండు లీటర్ల నీళ్ల సీసాలు రెండు తీసుకెళ్లాను. షాపు కుర్రాడు మొదట వింతగా చూశాడు, తర్వాత తనే సర్దిపెట్టాడు.

వేసుకునే వరుస ముఖ్యం. పట్టీలన్నీ వదులు చేయండి. బ్యాగ్ తగిలించుకుని ముందు నడుము పట్టీ బిగించండి. తర్వాత భుజం పట్టీలు లాగండి, భుజం మీద ఆనాలి గానీ నొక్కకూడదు. తర్వాత భుజం దగ్గరి నుంచి ఫ్రేమ్ పైకి వెళ్లే సన్న పట్టీలు, లోడ్ లిఫ్టర్లంటారు, కాస్త లాగండి. అవి ఇంచుమించు 45 డిగ్రీల వాలులో ఉండాలి. పడుకున్నట్టు సమంగా ఉన్నాయంటే ఫ్రేమ్ మీకు పొట్టిది. చివరగా ఛాతీ పట్టీ.

ఇప్పుడు ఇరవై నిమిషాలు తిరగండి. మెట్లెక్కి దిగండి, కూర్చుని లేవండి. తర్వాత ఒక పరీక్ష చేయండి. భుజం పట్టీ కింద చెయ్యి దూర్చి చూడండి. వేళ్లు సులువుగా దూరితే బరువు తుంటి మీద ఉంది. నలిగితే ఆ ఫ్రేమ్ తన పని చేయడం లేదు, లేదా సైజు తప్పు.

ఆడవాళ్లకు వేరే బ్యాగ్ కావాలా అన్నా?

ఆడవాళ్ల కోసమని చేసే బ్యాగుల్లో భుజం పట్టీలు దగ్గరదగ్గరగా, ఛాతీ మీద రాసుకోకుండా వంపు తిరిగి ఉంటాయి. నడుము పట్టీ తుంటి ఆకారానికి తగ్గట్టు వాలుగా ఉంటుంది. వీపు కొలతలు కూడా చిన్నవి నుంచి మొదలవుతాయి. చాలామందికి ఇవే నప్పుతాయి. సన్నటి భుజాలున్న మగవాళ్లకు కూడా ఒక్కోసారి ఇవే బాగుంటాయి. మా జట్టులో ఒకామె రెండేళ్లు వాళ్లాయన బ్యాగ్‌తోనే నడిచింది, ప్రతి రాత్రీ మెడకు బామ్ రాసుకునేది. కొలిచి చూస్తే ఆమె వీపుకు ఆ ఫ్రేమ్ ఆరు సెంటీమీటర్లు ఎక్కువ. ఇంట్లో ఉంది కదా అని ఆడవాళ్ల చేతికి సైజు కాని బ్యాగ్ ఇవ్వకండి.

కర్నూల్లో మంచి షాపు లేదు. ఆన్‌లైన్‌లో తీసుకోవచ్చా?

హైదరాబాదైనా బెంగళూరైనా జాతీయ రహదారి మీద కొన్ని గంటల దూరమే. ఏదో పని మీద వెళ్లినప్పుడు బరువు వేసి చూసి రండి. అది కుదరకపోతే వీపు పొడవు సర్దుబాటు చేసుకునే రకం మాత్రమే ఆన్‌లైన్‌లో తెప్పించండి. రాగానే ఇంట్లోనే బరువు వేసి రెండు సాయంత్రాలు నడవండి, ట్యాగులు తెంపకండి, బయట మట్టిలో పెట్టకండి. నప్పకపోతే గడువు లోపు తిప్పి పంపండి.

గుడ్డ, జిప్పులు, బకిళ్లు ఎలా చూడాలి?

మన అడవుల్లో బ్యాగ్‌కు అసలు శత్రువు ముళ్లు. తుమ్మ, రేగు, బలుసు పొదల మధ్య పల్చటి గుడ్డ రోజుకో చోట గీసుకుపోతుంది. అడుగు భాగం, పక్కలు మందంగా ఉండాలి. ట్యాగ్ మీద డెనియర్ అని ఉంటుంది, నూలు ఎంత లావో చెప్పే అంకె అది. 210 అంటే తేలిక రకం, 500 అంటే మొరటుగా వాడుకోవచ్చు. బ్యాగ్ లోపల తిరగేసి కుట్లు చూడండి. భుజం పట్టీ సంచిని కలిసేచోట అడ్డంగా, నిలువుగా కుట్లు వేసి ఉండాలి. నడుము బకిల్‌ను పదిసార్లు పెట్టి తీయండి.

సెకండ్ హ్యాండ్ ఫ్రేమ్ బ్యాగ్ తీసుకోవచ్చా?

తీసుకోవచ్చు. లోపలి కడ్డీలు బయటికి లాగి వంకర పోయాయేమో చూడండి. పైపుల ఫ్రేమయితే అతుకుల దగ్గర సన్న చీలికలు వెతకండి. లోపల చెయ్యి పెట్టి రుద్దండి. జిగటగా అంటుకున్నా, పొట్టులా రాలినా నీళ్లు ఆపే పూత పోయినట్టే.

## సర్దేటప్పుడు

బరువైనవి కింద పెట్టాలా పైన పెట్టాలా?

మధ్యలో, వీపుకు అతుక్కుని. అడుగున పడుకునే సంచి, మెత్తటి బట్టలు. దాని మీద వీపు వైపు నీళ్లు, తిండి, స్టవ్. వాటి ముందు టెంటు గుడ్డ. పైన వానకోటు, టార్చ్, మందులు. బరువు వీపుకు దూరమైన కొద్దీ మనిషి ముందుకు వంగాల్సి వస్తుంది, సాయంత్రానికి నడుము పట్టేస్తుంది. కుడి ఎడమల తూకం కూడా చూసుకోండి. కావడి మోసేవాళ్లు రెండు కుండలూ సమంగా ఉంటే గానీ అడుగు వేయరు.

నీళ్లు ఎన్ని మోయాలి? ఎక్కడ పెట్టాలి?

సీమలో బ్యాగ్ ఎంపికను నిర్ణయించేది నీళ్లే. హిమాలయాల్లో గంటకో వాగు తగులుతుంది, లీటర్ సీసాతో నడిచేయొచ్చు. మన దగ్గర ఫిబ్రవరి దాటితే వంకలు చాలావరకు ఎండిపోతాయి. కిందటేడు నీళ్లున్న చెలమలో ఈ ఏడు ఇసుకే ఉండొచ్చు. ఒక మనిషికి నడిచే రోజుకు నాలుగు లీటర్లు, ఎండ ముదిరితే అయిదు, వంట ఉంటే ఇంకొకటి. లీటరుకు ఒక కిలో. దారిలో నీళ్లు లేని రెండు రోజుల నడక అంటే పది కిలోలు నీళ్లే. దాని మీద మిగతా సామాను. నీళ్ల లెక్క వేశాకే ఫ్రేమ్ ఎంత గట్టిగా ఉండాలో తేలుతుంది.

ఒకే పెద్ద క్యాన్ పెట్టకండి. సగం ఖాళీ అయ్యాక నీళ్లు అడుగడుక్కీ అటూ ఇటూ కొట్టుకుని మనిషిని తూలిస్తాయి. పైగా అది పగిలితే అన్నీ పోయినట్టే. రెండు లీటర్ల సీసాలు నాలుగైదు పెట్టుకుని, ఒక్కోటీ పూర్తిగా ఖాళీ చేశాకే ఇంకోటి తెరవండి. నిండువి వీపు వైపు నిలువుగా, రెండు భుజాల మధ్యకు వచ్చేలా. ఖాళీ అయిన ప్రతిసారీ పక్క పట్టీలు లాగి బిగించండి, లేకపోతే మిగిలిన సామాను కిందికి జారుతుంది.

ఒకసారి లంకమల వైపు, అనుమతితో వెళ్లిన ఒక పక్షుల జట్టుతో నడిచాను. కలివికోడి కనబడిన ప్రాంతమది, అంతరించిపోయిందనుకున్న ఆ పక్షి 1986లో మళ్లీ దొరికిందని పక్షి ప్రేమికులు ఎక్కడెక్కడి నుంచో వస్తారు. మధ్యాహ్నం రెండింటికి మాలో ఒకతని క్యాన్ మూత దగ్గర చీలి, నాలుగు లీటర్లు బ్యాగ్‌లోనే కారిపోయాయి. వీపు చల్లగా ఉందని అతను సంతోషపడుతున్నాడు, చెమటనుకుని. చూసేసరికి పడుకునే సంచి తడిసిపోయింది, తాగడానికి చుక్క లేదు. మిగతా అయిదుగురం తలా కాస్త పోశాం. సాయంత్రం తిరిగి వచ్చేవరకూ అందరి నాలుకలూ పిడచగట్టాయి.

వేట మాంసం ఫ్రేమ్ మీద ఎలా కట్టాలి? అమెరికాలో ఉన్న మా బావ అడుగుతున్నాడు.

ప్లాస్టిక్ సంచుల్లో పెట్టకూడదు, వేడి బయటికి పోక మాంసం చెడుతుంది. గాలి ఆడే గుడ్డ సంచుల్లో వేసి, చెట్టు నీడన వేలాడదీసి చల్లారనిచ్చి, తర్వాత ఫ్రేమ్‌కీ బ్యాగ్‌కీ మధ్య పెట్టాలి. బరువు మధ్య భాగం భుజం ఎముకల ఎత్తులో ఉండాలి. కింద వేలాడితే ప్రతి అడుగుకీ వెనక్కి లాగుతుంది. ముందు కింది పట్టీ, తర్వాత మధ్యది, చివర పైది బిగించి, నూరడుగులు నడిచాక మళ్లీ అన్నీ బిగించాలి. మాంసం సర్దుకుని కుదురుకుంటుంది, పట్టీలు వదులవుతాయి.

వానకు కవర్ ఇచ్చారు కదా, చాలదా?

చాలదు. కవర్ వెనక వైపే కప్పుతుంది, వీపు వైపు నుంచి నీళ్లు కారి లోపలికి దిగుతాయి. బ్యాగ్ లోపల మందపాటి పాలిథిన్ కవర్ పరిచి, సామాను అందులో పెట్టి మూతి మెలేయండి. అక్టోబరు, నవంబరు నెలల్లో నల్లమల వైపు వెళ్లేవాళ్లు ఇది తప్పనిసరిగా చేయాలి.

విమానంలో వేయాలంటే?

వేలాడే పట్టీలన్నీ బిగించి, నడుము పట్టీని వెనక్కి తిప్పి బ్యాగ్ చుట్టూ కట్టేసి, మొత్తాన్ని గోనెసంచిలో కుట్టేయండి. దేశంలో తిరిగే చాలా విమానాల్లో చెకిన్ బరువు 15 కిలోలే. స్టవ్ గ్యాస్ డబ్బాను విమానంలో ఎక్కనివ్వరు, దిగాక కొనుక్కోవాలి.

## దారిలో

ఇరవై కిలోల బ్యాగ్‌ను నేల మీద నుంచి ఎలా ఎత్తుకోవాలి?

ఒక భుజంతో గుంజి ఎత్తితే నడుము పడుతుంది, పట్టీ కుట్లు ఊడతాయి. ఒక కాలు ముందుకు వేసి మోకాలు వంచండి. బ్యాగ్ పైనున్న ఉచ్చు పట్టుకుని తొడ మీదికి లాగండి. అక్కడి నుంచి ఒక చెయ్యి పట్టీలో దూర్చి, ఒళ్లు తిప్పి రెండో చెయ్యి దూర్చండి. బండో గట్టో కనబడితే దాని మీద పెట్టి వేసుకోవడం ఇంకా మేలు. విశ్రాంతికి ఆగేటప్పుడే అలాంటి చోటు చూసి ఆగండి.

రెండో గంటకే భుజాలు మండుతున్నాయి. ఏం చేయాలి?

నడుము పట్టీ జారి ఉంటుంది. ఆగి, భుజం పట్టీలు వదులు చేసి, భుజాలు చెవుల దాకా ఎగరేసి, బ్యాగ్ పైకి లేచినప్పుడు నడుము పట్టీ మళ్లీ బిగించండి. భుజాలు దించండి. ఎక్కేటప్పుడు లోడ్ లిఫ్టర్లు కాస్త వదలండి, దిగేటప్పుడు బిగించండి. గంటకోసారి భుజాలకూ తుంటికీ బరువును కొంచెం మార్చుతూ ఉంటే ఒకేచోట నొక్కుకుపోదు.

తుంటి మీద చర్మం లేచిపోతోంది.

జీన్స్ బెల్టు, జేబులో ఫోను, తాళాలు పట్టీ కింద నలుగుతుంటాయి. అవన్నీ తీసేయండి. నాడా ప్యాంటు వేసుకోండి, చొక్కా మడతలు లేకుండా కిందికి లాగి పట్టీ కట్టండి. ఎర్రబడగానే చెమట తుడిచి మెత్తటి గుడ్డ పట్టీ అంటించండి. బొబ్బ వచ్చేదాకా ఆగొద్దు.

దిగేటప్పుడు మోకాళ్లు వణుకుతున్నాయి.

రెండు చేతికర్రలు వాడండి. దిగేటప్పుడు కర్ర పొడవు పెంచుకోండి. అడుగులు చిన్నవి చేయండి, మోకాలు పూర్తిగా చాచి పాదం వేయకండి. అప్పటికీ వణుకుతుంటే బ్యాగ్‌లోంచి నాలుగు కిలోలు తోటివాడికి ఇవ్వండి. అడగడానికి సిగ్గుపడాల్సిన పని లేదు, రేపు అతనిది మీరు మోస్తారు.

అడవి మధ్యలో నడుము బకిల్ విరిగింది. ఇప్పుడెలా?

పట్టీ రెండు కొసలనూ ముడి వేయండి, తీసేటప్పుడు ఒక్క గుంజుకు ఊడే జారుముడి వేస్తే నయం. విరిగింది కదా అని నడుము పట్టీ లేకుండా నడవకండి. ఎక్కువసార్లు బకిల్ విరిగేది బస్సు తలుపులో నలిగో, కింద పెట్టినప్పుడు ఎవరో తొక్కో. బ్యాగ్ కింద పెట్టగానే పట్టీలు పైకి మడిచి బిగించేయండి. విడి బకిల్ ఒకటి, దబ్బనం, మందపాటి నైలాన్ దారం ఎప్పుడూ పైజేబులో ఉంచుకోండి.

అహోబిలంలో కోతులు బ్యాగ్ లాగేస్తాయట. నిజమేనా?

నిజం. తినే వస్తువు బయటి జాలీ జేబుల్లో కనబడితే వదలవు. అరటిపళ్లు, బొరుగుల ప్యాకెట్లు లోపల పెట్టండి. బ్యాగ్ దించి ఫొటోలకు వెళ్లకండి.

## ఇంటికొచ్చాక

వాషింగ్ మెషిన్‌లో వేయొచ్చా?

వేయకండి, పూత పోతుంది, కడ్డీలు మెషిన్‌ను కొడతాయి. కడ్డీలు తీసేసి, తొట్టిలో చల్లటి నీళ్లలో కాస్త సబ్బుతో మెత్తటి బ్రష్ పెట్టి రుద్దండి. భుజం పట్టీలు, నడుము పట్టీల్లో చెమట ఉప్పు తెల్లటి చారలు కడుతుంది, అక్కడ ఎక్కువసేపు నానబెట్టండి. వేట బ్యాగులకు నెత్తురు మరకలుంటే వేడి నీళ్లు తగలనివ్వకూడదు, మరక నిలిచిపోతుంది. జిప్పుల్లో మట్టిని పాత టూత్‌బ్రష్‌తో తీయండి. ఆరేయడం నీడలోనే.

ఏడాదికోసారే వాడతాం. ఎక్కడ దాచాలి?

రేకుల ఇంటి అటక మీద మాత్రం వద్దు. మే నెలలో కర్నూలు ఎండకు ఆ రేకుల కింద వేడి చెయ్యి పెట్టలేనంతగా ఉంటుంది. వేడికీ తేమకూ లోపలి పాలీయూరథేన్ పూత విడిపోయి జిగటగా మారుతుంది. నా మొదటి బ్యాగ్ అలాగే పోయింది. తీసి చూస్తే బెల్లం పాకం పూసినట్టు వేళ్లకు అంటుకుంది, పులిసిన వాసన. బీరువా పక్కన, మంచం కింద, గాలి ఆడేచోట వదులుగా పెట్టండి. లోపల తిండి తునక కూడా మిగలకూడదు, ఒక్క వేరుశనగ గింజ కోసం ఎలుక మూడు జేబులు కొరుకుతుంది.

స్నేహితులు అడిగితే బ్యాగ్ అప్పివ్వొచ్చా?

ఇవ్వండి. ఎనిమిది వేల వస్తువు ఏడాదికి నాలుగు రోజులే వాడటం కంటే నలుగురికి పనికిరావడం మేలు. ఇచ్చేముందు వీపు సర్దుబాటు పట్టీ ఏ గీత దగ్గరుందో అక్కడ ఎర్రదారంతో ఒక కుట్టు వేసుకోండి. తీసుకున్నవాళ్లు తమ కొలతకు మార్చుకుంటారు, తిరిగి వచ్చాక ఆ కుట్టు చూసి మీ కొలత పెట్టుకోవచ్చు. నా బ్యాగ్ మీద ఇప్పుడు ఎర్రదారం నాది, పసుపుదారం మా తమ్ముడిది, పచ్చదారం ఆదోనిలో ఉండే మా మేనకోడలిది.